కండక్టరు గారి నడక

2009 జూన్ 11, గురువారం. పొద్దున్నించీ మబ్బు పట్టే ఉంది గానీ ఒక్క చుక్క రాలలేదు. కురవాలో వద్దో ఆకాశం తేల్చుకోలేకపోతుంటే, తీగ మీద బట్టలు ఆరనూ లేదు, తడవనూ లేదు.

ఆ ఇంట్లో అలాంటి మనిషే ఒకతె ఉంది. అసలు పేరు ఏదో ఉండేది గానీ అందరూ ‘సందేహం’ అనే పిలిచేవారు. టీయా కాఫీయా అని అడిగితే, ఆ పిల్ల ఆలోచించుకునేలోగా రెండూ చల్లారిపోయేవి. ఇంటర్ పాసయింది. ఏం చదువుతావో సోమవారానికల్లా చెప్పమన్నాడు తండ్రి. ఆయనకు మందుల షాపుంది. కూతురు కూడా మందుల చదువే చదివి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే బాగుండునని ఆయన ఆశ. బోర్డు మీద ‘అండ్ డాటర్’ అని రాయించడానికి చోటు కూడా వదిలించాడు. పిల్లకు ఆ చదువంటే అయిష్టమేమీ లేదు. ఒకటి పట్టుకుంటే మిగతావన్నీ చేజారిపోతాయని దిగులు, అంతే.

అది అలా ఉంచితే, చెప్పవలసింది నడక సంగతి.

వాళ్ల తాత బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. కండక్టర్ల నడక మామూలు నడక కాదు. కాళ్లు ఎడంగా, మోకాళ్లు వదులుగా పెట్టి, కాస్త ఒరుగుతూ, మళ్లీ సర్దుకుంటూ, డ్రైవరు బ్రేకు వేస్తాడేమోనని మధ్యమధ్య చిన్నగా ఆగుతూ నడుస్తారు. పడవవాళ్లదీ ఇంచుమించు ఇలాగే ఉంటుందంటారు గానీ, వాళ్లు ఒడ్డుకొచ్చాక మర్చిపోతారు. కండక్టర్లు మర్చిపోరు. తాత వంటింట్లోకి మంచినీళ్లకు వెళ్లినా, పైన లేని కడ్డీ కోసం ఒక చెయ్యి ఎత్తుకునే వెళ్లేవాడు.

ఎండాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. ఆసుపత్రి నుంచి మనిషిని ఇంటికి తెచ్చేసరికి, నడక ఆయన కంటే ముందే వచ్చి హాల్లో తిరుగుతోంది. పైన మనిషి లేడు. తోలు చెప్పులు మాత్రం ఒరుగుతూ, ఆగుతూ, సోఫా నుంచి టీవీ దాకా, టీవీ నుంచి సోఫా దాకా.

“జరగరా, నాన్న నడకొస్తోంది,” అనేది మేనత్త, టీ కప్పు పక్కకి తీస్తూ. బాబాయి పేపర్లోంచి తలెత్తకుండానే కాళ్లు మడుచుకునేవాడు.

ఆ గురువారమే ఫిజియోథెరపీ ఆవిడ మొదటిసారి ఇంటికొచ్చింది. అప్పటికి తండ్రీ బాబాయీ తాతను చంకల కింద చేతులేసి మంచం మీంచి కుర్చీలోకి మోస్తున్నారు.

“ఏంటండీ, బీరువా మారుస్తున్నారా?” అందావిడ.

“పడిపోతాడని మేడం,” అన్నాడు బాబాయి.

“మీరిలా మోస్తూ పోతే, ఇక మాకేం పని లేదనుకుంటాయి ఆ కాళ్లు.”

తాత నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి, ఆయన ఎడమ పక్క నిలబడి లేపింది. కాళ్లు దగ్గరగా, నిటారుగా నిలబెట్టి చూసింది. ఆయన వణికి కూలబడ్డాడు. మళ్లీ లేపింది. మళ్లీ అంతే. ఆవిడ ఆయన్ని కుర్చీలో సర్ది, “ముందు ఈయన ఎలా నడిచేవారు?” అని అడిగింది.

“బాగానే నడిచేవారు,” అన్నాడు తండ్రి.

“తొందర తొందరగా,” అంది అత్త.

“కాళ్లతో,” అన్నాడు బాబాయి.

“కాళ్లు ఎడంగా పెట్టి,” అంది సందేహం. “బరువు ముందు ఎడమ కాలి మీదికి పోతుంది. అక్కడ ఒక్క క్షణం ఆగి, అప్పుడు కుడి కాలు లేస్తుంది.”

అందరూ ఆమె వంక తిరిగారు. ఆ పిల్ల తడుముకోకుండా జవాబివ్వడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

“నీకెలా తెలుసు?” అన్నాడు తండ్రి.

“సెలవులన్నీ ఆ నడక వెనకాలే తిరిగాను. ఏమీ తోచక.”

ఫిజియోథెరపీ ఆవిడ పక్కకి జరిగి ఆమెకు చోటిచ్చింది. బెల్టు ఎక్కడ పట్టుకోవాలో, తాత మోకాలు మడుచుకుపోకుండా తన మోకాలు ఎలా అడ్డుపెట్టాలో చూపించింది.

“పడతానే,” అన్నాడు తాత, వంకర తిరిగిన నోటితో.

“పట్టుకున్నాను తాతా.”

“నేల కదలట్లేదు కదే. ఎలా నడవను?”

ఆమె అరచేతిలో బెల్టు వెచ్చగా ఉంది. తాత బరువును మెల్లగా ఎడమకు ఒరిగించింది, కుడికి తెచ్చింది, మళ్లీ ఎడమకు. కిటికీ అవతల బట్టలు అదే తూగుతో ఊగుతున్నాయి. గదంతా ఎక్కడికో బయల్దేరినట్టుంది.

“కదులుతోంది తాతా. ముందు మలుపుంది, జాగ్రత్త.”

టీవీ దగ్గరి చెప్పులు టక్కున ఆగాయి. ఇటు తిరిగి, హాలు దాటి వచ్చి, తాత కాళ్ల ముందు నిలబడ్డాయి.

“తొడుక్కోండి మరి,” అంది ఫిజియోథెరపీ ఆవిడ.

చెప్పులు తాత కాళ్లకు ఎక్కాయి. ఆయన కుడి చెయ్యి పైకి లేచింది, లేని కడ్డీని పట్టుకుంది. “రైట్, రైట్,” అన్నాడాయన. కుడి కాలు కదిలింది. ఎడమ కాలు, స్టాపు దాటాక మేలుకున్న ప్రయాణికుడిలా, ఆలస్యంగా కదిలింది. కదిలింది మాత్రం నిజం.

“నాన్నా, నేనిది చదువుతాను,” అంది సందేహం బెల్టు వదలకుండానే.

“ఇదంటే?”

“మేడం చదివింది.”

“సోమవారం దాకా టైముందిగా. ఆలోచించుకోవా?”

“అయిపోయింది నాన్నా.”

తండ్రి ఆవిడ వంకా, చెప్పుల వంకా చూసి, కుర్చీ పక్కకి జరిపాడు. బయట మబ్బు మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

తాత చాలా ఏళ్లు నడిచి, ఒక ఉదయం నిద్రలోనే పోయాడు. ఇల్లు తండ్రికి వచ్చింది. మందుల షాపు బోర్డు మీది ఖాళీ ఖాళీగానే ఉంది. టిక్కెట్ల తోలు సంచీ, విజిలూ అత్తకి వచ్చాయి. నడక మనవరాలికి వచ్చింది. ఆసుపత్రిలో మళ్లీ నడక నేర్చుకోవడానికి రెండు కడ్డీల మధ్య బిగుసుకుపోయి నిలబడ్డవాళ్లు, కాళ్లు ఎడంగా వేస్తూ ఒరుగుతూ వచ్చే ఆ డాక్టరమ్మ అడుగుల చప్పుడు వినగానే, కింద నేల బయల్దేరిందంటారు.

బాబాయికి ఏమీ రాలేదు. “అన్నాళ్లు బీరువా మోశాను, బీరువా అయినా ఇవ్వలేదు మా నాన్న,” అని అందరితో అంటాడు. అంటూనే, ఆ హాల్లో ఎప్పుడు పేపరు పట్టుకుని కూర్చున్నా, దారి వదిలి కాళ్లు మడుచుకునే కూర్చుంటాడు.