బావని వెనక నుంచి పిలవలేదు

సొరంగంలో నా ముందు నడుము వంచి నడుస్తున్నది మా బావేనని చొక్కా వీపు మీది ముడతని బట్టి పోల్చుకుంటున్నాను, ఎందుకంటే ఇస్త్రీ చొక్కాని కుర్చీకి తగిలించి, దాని మీదే జారగిలబడి కూర్చుని, ఆ ముడతతోనే ఊరంతా తిరిగే మనిషి మా బావ తాతబ్బాయి ఒక్కడే. ఆయన పోయి ఎనిమిది నెలలయిందని కూడా నాకు తెలుసు, అయితే ఆ రెండు సంగతులూ ఒకే సీట్లో సర్దుకు కూర్చున్న ప్రయాణికుల్లా ఒకదాన్నొకటి ఇబ్బంది పెట్టకుండా ఉన్నాయి. ఇబ్బందంతా నాదే. నా కుడి గుప్పిట్లో మా అక్క కుట్టిన ఎర్ర గుడ్డ సంచి ఉంది, అందులో ఆయన గుండె పట్టేసినప్పుడు నాలుక కింద పెట్టుకోవలసిన మాత్రలున్నాయి, సొరంగం అయిపోయేలోగా అవి ఆయన చేతిలో పెట్టాలి, పెట్టాలంటే ఆయన ఆగాలి, ఆగాలంటే నేను పిలవాలి. మా బావని వెనక నుంచి పిలవకూడదు.

మా బావకి ఉన్న పట్టింపు అదొక్కటే. వర్జ్యం చూడడు, పిల్లి ఎదురొస్తే ఆగి దాన్ని పలకరిస్తాడు, కానీ గడప దాటాక ఎవరైనా వెనక నుంచి పిలిచారా, ఇక అంతే సంగతులు: లోపలికి వచ్చి, చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని, గ్లాసెడు నీళ్ళు తాగి, పిలిచినవాణ్ణి తీరిగ్గా తిట్టి, అప్పుడు మళ్ళీ బయల్దేరతాడు. గొడుగు మర్చిపోయావని నేనొకసారి పిలిచిన పుణ్యానికి మద్రాసు రైలు మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయింది. నేనేమో బస్సు కండక్టర్ని. ముప్పై ఒక్క ఏళ్ళు వెనక నుంచి "హోల్డాన్!" అని అరిచి బస్సు ఆపించడమే నా బతుకు, ఆ మనిషికీ నాకూ ఎలా కుదురుతుంది?

ఇది వియత్నాం, బావా నేనూ కలిసి చూడ్డానికి వచ్చిన దేశం. యుద్ధం రోజుల్లో జనం నేల కింద తవ్వుకుని తలదాచుకున్న సొరంగాలివి, ఇప్పుడు పొద్దున్నే హోటలు దగ్గర బస్సెక్కించి, ఇవన్నీ తిప్పి, సాయంత్రానికి దింపేస్తారు. నిజానికి నేను ఈ ఒక్కరోజు టూరుకి రానేలేదు, ఆ రోజు కడుపు పాడై హోటలు గదిలో పడుకున్నాను, అందుకేనేమో నేను చూడని గోడల స్థానంలో నేను చూసిన గోడలు వస్తున్నాయి: ఒక మలుపు తిరిగితే మా డిపోలో బస్సు కిందకి దిగి మరమ్మతు చేసే గొయ్యి, దానికంటిన నల్ల గ్రీజు వాసన, ఇంకో మలుపు తిరిగితే సామర్లకోటలో అక్కావాళ్ళ మెట్ల కింద గూడు, పైన మట్టి కప్పుకి బస్సులో ఉండే ఇనప రాడ్డు, పట్టుకుంటే చెమటతో జారిపోతోంది. గాలి చాలడం లేదు. ముందెక్కడో గైడమ్మ పసుపుపచ్చ జెండా పట్టుకుని నడుస్తోంది, పొట్టిగా ఉన్న వియత్నాం మనిషే, గొంతు మాత్రం మా డిపో మైకుది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. గాలి కోసం పైకి కన్నాలు పెట్టి, అవి కనబడకుండా చీమల పుట్టల్లా కట్టేవారు. టైర్లు కోసి చెప్పులు కుట్టుకుని, వాటిని వెనకది ముందుకి తిప్పి కట్టుకునేవారు. ఆ జాడలు చూసి వెళ్ళినవాడు వెళ్ళాడో వచ్చాడో శత్రువు పోల్చుకోలేకపోయేవాడు."

నేను కిందికి చూస్తే బావ అడుగుల జాడలు కూడా అలాగే ఉన్నాయి, ఆయన అటు వెళ్ళిపోతున్నాడు, బురదలో వేళ్ళు మాత్రం నా వైపు చూస్తున్నాయి, వస్తున్నాడనే అనిపిస్తోంది, తలెత్తితే వీపే కనబడుతోంది.

"ఒరే అబ్బులూ," అంటాడు బావ తల తిప్పకుండానే. "మీ అక్క ఎలాగుందిరా?"

ఆయన అడిగితే జవాబు చెప్పొచ్చు, అది పిలవడం కిందికి రాదు, ఆ మాత్రం రూల్సు నాకు తెలుసు.

"బాగానే ఉంది బావా. అన్నం తింటంది. పగలు నడుం వాల్చడం మానేసింది. ఎప్పుడు చూసినా ఏదో ఒకటి కడుగుతా ఉంటంది."

"నన్ను తిడతందా?"

"నిన్నెందుకు తిడతది. తనని తిట్టుకుంటంది."

పుట్ట కన్నంలోంచి నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది, ఎవరో బకెట్టు బోర్లించినట్టు, ఆ వెంటే చీపురు గీసిన చప్పుడు, దానిలోంచి మా అక్క మాణిక్యం గొంతు, ఎనిమిది నెలలుగా రోజూ అనే మాటే, ఒక్క అక్షరం మారకుండా: "నల్లదైతే సామాన్లో కలిసిపోద్దని ఏరి ఏరి ఎర్ర గుడ్డతో కుట్టేను కదరా, మీ ఇద్దరిలో ఒక్కళ్ళకీ ఎలా కనపడలేదురా? చొక్కాకి పిన్నీసెట్టి గుచ్చి పంపాల్సింది. నాదే తప్పు." ఆ మాట అన్నప్పుడల్లా నేను కూడా నా మాట అప్పజెప్తాను: నేను లేచేసరికే బావ వెళ్ళిపోయాడక్కా, నేనేం చూడలేదు. మొదటిసారి ఫోన్లో వణుకుతూ చెప్పాను, తర్వాత వణుకు పోయింది, మాట మిగిలింది.

"విన్నావా," అంటాడు బావ. "నీ చేతిలో ఏంట్రా అది?"

"ఏం లేదు బావా."

నోట్లోంచి వచ్చేసింది. ఇవ్వడానికే కదా ఇంత దూరం వంగి వంగి వచ్చాను, అడిగాడు కూడా, చెయ్యి చాపితే అయిపోయేది, అయినా నా నోటికి అలవాటైనదే వచ్చింది, నా మీద నాకే అసహ్యం వేసింది. సంచి గుప్పిట్లో తడిసి ముద్దవుతోంది, లోపల మాత్రలు కరిగిపోతున్నాయేమోనని వేళ్ళతో తడుముకుంటున్నాను.

గైడమ్మ ఆగి జెండా ఎత్తుతుంది. "పదిహేడు మంది దిగాం. పదిహేడు మందిని పైన అప్పజెప్పాలి. లెక్క సరిపోకపోతే మూత తెరవరు. కండక్టరుగారూ, మీరే చూడండి."

లెక్క నా పనే కాబట్టి ధైర్యం వస్తుంది, రాడ్డు పట్టుకుని ఒక్కొక్క నడుమూ దాటుకుంటూ లెక్కపెడతాను, పదహారు వస్తుంది. మళ్ళీ పెడతాను, బావతో కలిపే పదహారు. మూడోసారి తలల మీద చెయ్యి వేసి మరీ లెక్కపెడతాను, తలలు చల్లగా ఉన్నాయి, పదహారే. ఎవరో వెనక మలుపులో ఉండిపోయినట్టున్నారు, వెనక్కి వెళ్తే బావ పైకెక్కేస్తాడు, పైకెక్కితే ఏమవుతుందో నాకు తెలుసు, అందరూ వచ్చి చెప్పారు కదా: బయట బల్లల మీద ఉడకబెట్టిన కర్రపెండలం ముక్కలు, వేరుశెనగ పొడి పెడతారు, ముప్పై ఏళ్ళు సగ్గుబియ్యం మిల్లులో పనిచేసిన మా బావ వాటిని చూసి "ఇదెక్కడి గోలండీ, ఇక్కడా మా పెండలమేనా!" అని నవ్వి, రెండు ముక్కలు తిని, మూడోది చేతిలోనే పట్టుకుని, చొక్కా జేబు తడుముకుంటాడు.

సొరంగం ఈలోగా వెడల్పవుతుంది, కాళ్ళ కింద బురద తివాచీ అవుతుంది, ఇది మా హోటలు వరండా, ఆ చివర లిఫ్టు, స్టీలు తలుపు మెరుస్తోంది. బావ ఇంకా వంగే నడుస్తున్నాడు. గది గుమ్మంలో లుంగీ కట్టుకుని నేను నిలబడి ఉన్నాను, నన్ను నేనే చూస్తున్నాను, మంచం పక్కన బల్ల మీద ఎర్రగా ఆ సంచి, నా నోరు తెరిచి ఉంది.

"ఆ పొద్దున్న నోరు తెరిచేవు కదరా," అంటాడు బావ. "లిఫ్టు తలుపులో కనిపించేవు. ఏదో మర్చిపోయుంటాను, పిలుస్తాడులే అని ఓ క్షణం చూసేను. పిలవలేదు. అయితే పెద్ద సంగతి కాదులే అనుకుని ఎక్కేసేను."

"నువ్వే కదా బావా వెనక నుంచి పిలవొద్దన్నావు!"

"అన్నాను. అందుకే మానేసేవేంట్రా?"

అందుకే అని చెబితే సరిపోతుంది, ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నది అదే. కానీ వీపు ఎదురు చూస్తోంది. దానికి అంతకు రెండు రోజుల ముందు సంగతి కూడా తెలుసు: హోటలు కింద హాల్లో టోపీ మర్చిపోయావని పిలిచినందుకు ఆయన వెనక్కొచ్చి, సోఫాలో చతికిలబడి, నీళ్ళు తెప్పించుకుని, బస్సంతా ఆగి చూస్తుండగా, "అరిచి అరిచి మా బావమరిదికి నోరు మూసుకోవడం రాదండీ, దేశం దాటినా కండక్టరు కండక్టరే" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. రెండు రాత్రులు నిద్రపట్టలేదు నాకు.

"పోనీ, తెలిసొస్తుందిలే అనుకున్నాను బావా," అంటాను. "ఓ పూట మాత్రలు లేకుండా తిరిగితే నా విలువ తెలుస్తుందని. అంతే అనుకున్నాను. ఇలాగవుద్దనుకోలేదు."

"ఊఁ" అంటాడు బావ. తిట్టడు. తిడితే బాగుండును, ఆ తిట్లు వినడానికి నా ప్రాణం కొట్టుకుంటోంది. "నాకు చెప్పి ఏం లాభంరా, నేనెవరికి చెప్పగలను? ఇంతకీ లెక్క ఒకటి తగ్గింది కదా. నిన్ను వేసుకున్నావా?"

వేసుకోలేదు. ఏ కండక్టరూ వేసుకోడు, బస్సులో అందర్నీ లెక్కపెట్టి తనని వదిలేస్తాడు.

"ఎప్పుడూ అంతే నువ్వు," అంటాడు బావ.

"పదిహేడు. రైట్, రైట్" అంటుంది మైకు గొంతు, పైన కొబ్బరి కోరే పీటంత చెక్క మూత తొలగిపోతుంది, ఎండిన ఆకులు నా మొహం మీద రాలతాయి, కన్నంలోంచి తెల్లటి వెలుతురు, అది సామర్లకోట మిల్లు వెనక సగ్గుబియ్యం ఆరబోసిన కళ్ళం, దాని మధ్య బల్లలు, పళ్ళేలు, ఆవిర్లు. బావ రెండు చేతులూ అంచు మీద వేసి పైకి లేస్తున్నాడు, నడుము దాకా వెలుతుర్లోకి వెళ్ళిపోయాడు, కాళ్ళు మాత్రమే నాకు మిగిలాయి, నేను సంచి ఎత్తి పట్టుకుంటాను, పుట్టల్లోంచి నీళ్ళు, చీపురు, నీళ్ళు, ఆయన కుడి కాలు పైకి వెళ్ళిపోయింది, ఎడమ కాలు లేస్తోంది, రూల్సన్నీ తగలబడనీ అని ఉన్న ఊపిరంతా బిగబట్టి ముప్పై ఒక్క ఏళ్ళూ అరిచిన అరుపు అరుస్తాను.

"హోల్డాన్!"

ఆ అరుపుకే మెలకువ వచ్చింది. సామర్లకోటలో అక్కావాళ్ళ వరండా, పడక కుర్చీ, మధ్యాహ్నం మూడున్నర ఎండ. నేను కునుకు తీస్తుండగా అక్క వరండా కడిగినట్టుంది, మూల బకెట్టు బోర్లించి ఉంది, గచ్చు ఇంకా తడిగా మెరుస్తోంది. గేటు దగ్గర అక్క, సంచి భుజాన వేసుకుని, ఒక కాలు బయటపెట్టి, అలాగే ఆగిపోయి నా వైపు చూస్తోంది.

"ఏంట్రా ఆ అరుపు, ఇదేమన్నా బస్సేంటి? టైలరు దగ్గరికెళ్తంటే వెనక నుంచి పిలుస్తావా?" అని గేటు మళ్ళీ వేసింది. మెట్టు దగ్గర చెప్పులు విప్పి లోపలికి వచ్చి, కూజాలోంచి గ్లాసులో నీళ్ళు వంచుకుని, నా ఎదురు కుర్చీలో కూర్చుంది. బావ బతికున్నన్నాళ్ళూ ఈ పట్టింపుని వెక్కిరించిన మనిషి.

తడి గచ్చు మీద గేటు వైపు వెళ్ళిన చెప్పుల జాడలున్నాయి, వాటి పక్కనే ఇటు వచ్చిన వట్టి పాదాల జాడలు. వేళ్ళు నా వైపు తిరిగి ఉన్నాయి. నిజంగానే వచ్చింది.

అక్క సగం గ్లాసు తాగి, సంచిలో చెయ్యి పెట్టి తడుముకుంది. "కళ్ళజోడుంది, తాళాలున్నాయి. ఏం మర్చిపోయేన్రా?"

"నువ్వేం మర్చిపోలేదక్కా."

నా కుడి గుప్పిట ఇంకా మూసే ఉంది. తెరిస్తే అరచేతిలో గోళ్ళు దిగిన గుర్తులు తప్ప ఏమీ లేదు. ఎండకి గచ్చు ఒక పక్క నుంచి ఆరుకుంటూ వస్తోంది, మెట్టు దగ్గర మొదటి అడుగు అప్పుడే మాసిపోయింది.

"మరెందుకు పిలిచేవు?"

"అక్కా," అన్నాను, "ఆ ఎర్ర సంచి నాకు కనపడింది."