సిర్పూర్ ఒడ్డున ఆరామ్

మా అల్లుడు మనోజ్‌కుమార్‌కి బీపీ పెరిగిందని డాక్టరు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నాడు. ఇంట్లో ఉంటే అది కుదరదు. అతను పనిచేసే మిల్లులో ఏది ఆగినా ఫోను అతనికే వస్తుంది. అందుకని రాయ్‌పూర్‌లో ఇల్లులాంటి బండి ఒకటి అద్దెకి తీసుకున్నాడు. లోపలే మంచాలు, గ్యాసు పొయ్యి, సింకు, స్నానాలగది. తనే నడుపుతానన్నాడు. ఎక్కడికని అడిగితే మహానది ఒడ్డున సిర్పూర్ అన్నాడు. ఆ పేరు వినగానే అందరికంటే ముందు నేనే సంచీ సర్దుకున్నాను.

సిర్పూర్‌లో ఇటుకలతో కట్టిన పాత గుడి ఉంది. దక్షిణ కోసల రాజుల నాటిది, వెయ్యేళ్ళు దాటింది. మా ఆయన అప్పలసూరి, స్టీలు ప్లాంటులో ఫర్నేసుల లోపల ఇటుక పేర్చే మేస్త్రీ. ఆ ఇటుక నిప్పుకి అరిగిపోతుంది. కొన్నేళ్ళకి కొట్టేసి మళ్ళీ పేర్చాలి. సిర్పూర్ గుడిలో ఇటుకకీ ఇటుకకీ మధ్య గోరు కూడా దూరదని ఆయనకి ఎవరో చెప్పారు. "నేన్నమ్మను. ఎల్లి చూడాల" అనేవారు. బయల్దేరదామనుకున్న ప్రతిసారీ ఏదో ఒక ఫర్నేసు రిపేరుకి ఆపేవారు, ఈయన సెలవు పోయేది. చివరికి చూడకుండానే పోయారు. ఈ ప్రయాణంలో నాకున్న పని అదొక్కటే, ఆ గుడి చూడటం.

బండిని నదిపక్క మామిడితోటలో పెట్టారు. గుడి అక్కడికి ఎంతో దూరం కాదు, నా మోకాళ్ళకి మాత్రం చాలా దూరం. మనోజ్ చక్రాల కింద చెక్కలు పెట్టి బండిని సమంగా నిలబెట్టాడు. కరెంటు తీగ తగిలించాడు, పక్కకి గుడారంలా గుడ్డ లాగి కట్టాడు, కుర్చీలు వేశాడు. అంతా అయ్యాక చేతులు దులుపుకుని, "ఇంక బండి కదిలేది లేదత్తా. ఆరామ్‌గా కూర్చోండి" అన్నాడు.

కూర్చున్నాను. ఎంతసేపని కూర్చుంటాను? వంట చేద్దామంటే మా అమ్మాయి రజనీకుమారి ఒప్పుకోలేదు. బట్టలు ఉతుకుతానన్నా ఒప్పుకోలేదు. చలికాలం నది ఇసుక మధ్య సన్నగా పారుతోంది. అవతల ఒడ్డున ఆడవాళ్ళు బట్టలు ఉతుక్కుంటూ గట్టిగా నవ్వుకుంటున్నారు. వాళ్ళని చూసి నాకు కుళ్ళు పుట్టింది.

మర్నాడు గుడి మాట ఎత్తాను. రేపు వెళ్దామంది రజని. ఆ రేపు వచ్చాక, ఒకసారి కట్టిన గుడ్డా తీగా విప్పి మళ్ళీ కట్టడం ఎంత కష్టమో చెప్పింది. మనవరాలు మధులత ఫోనులో గుడి ఫొటో తెరిచి నా ముందు పెట్టింది. వేళ్ళతో లాగి ఎంత కావాలంటే అంత పెద్దది చేసి చూడొచ్చంది. ఫొటోలో గోరు పెట్టి చూడలేం కదే అన్నాను. దానికి అర్థం కాలేదు. "నానీ భీ నా" అని హిందీలో ఈ అమ్మమ్మని విసుక్కుంటూ వెళ్ళిపోయింది.

విశ్రాంతికి వచ్చిన మనిషికి విశ్రాంతి ఉందా అంటే అదీ లేదు. మంచం పొట్టిది. మనోజ్ కాళ్ళు చాపితే గోడకి కొట్టుకుంటున్నాయి. రాత్రంతా దొర్లడం, పగలంతా కుర్చీలో ఎర్రటి కళ్ళతో ఫోను చూసుకోవడం. నాకు ఒళ్ళు మండి, "ఆరామ్ ఎంతవరకొచ్చింది బాబూ" అని అడిగాను.

"అది ఇంకా డ్యూటీలోనే ఉందత్తా" అన్నాడు. అందరూ నవ్వారు, నేను తప్ప.

చివరికి వెళ్ళిపోయే రోజు పొద్దున్న దారిలో గుడి దగ్గర ఆపుతానని మాట ఇచ్చాడు. ఆ మాటని నేనే చెడగొట్టుకున్నాను.

మా ప్లాంటు క్వార్టర్లలో కుళాయి ఎప్పుడు వస్తుందో అప్పుడే నీళ్ళు. తెల్లవారుతూనే పట్టుకోవాలి, లేకపోతే ఆ పూటకి అంతే. ఇన్నేళ్ళలో అది ఒంట్లోకి ఇంకిపోయింది. ఆ రోజు కూడా తెల్లారగానే మెలకువ వచ్చింది. సింకు కుళాయి తిప్పితే మంచి ధారగా వచ్చింది. ఇంకేమీ ఆలోచించలేదు. బకెట్టు పెట్టాను, తర్వాత గిన్నెలు. చప్పుడుకి రజని లేచింది. నన్ను ఆపుతుందనుకుంటారా? కుక్కరు అందించింది, తర్వాత నీళ్ళ కూలరు, తర్వాత టీ ఫ్లాస్కు. తల్లీకూతుళ్ళం ఇంట్లో పట్టినట్టే వరసగా పట్టేశాం. మధులత సీసా సగం నిండేసరికి కుళాయి గుర్రుమని ఆగిపోయింది.

అప్పుడు స్నానాలగదిలోంచి మనోజ్ గొంతు వినిపించింది. ఒంటినిండా సబ్బు ఉందట.

ఆ బండికి ఉన్నది ఒక చిన్న ట్యాంకు. దాన్ని మేం ఖాళీ చేశాం. నీళ్ళు లేకుండా తిరిగి పంపు కూడా కాలిపోయింది. అతనికి తలుపు సందులోంచి ఫ్లాస్కు, కుక్కరు అందించి స్నానం పూర్తి చేయించాం. బయటికి వచ్చి, కోపం దిగమింగుకుంటూ బండి ఓనరుకి ఫోను చేశాడు. మధ్యాహ్నంలోపు తెస్తే మెకానిక్ ఉంటాడని చెప్పారట.

"సీదా రాయ్‌పూరే. గుడి ఇంకోసారి చూద్దాం" అన్నాడు.

తప్పు నాది. నిండిన గిన్నెలతో బండి కదలదు కాబట్టి వాటిని పారబొయ్యమన్నాడు. నీళ్ళు ఊరికే పారబొయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. ఒక్కో గిన్నె మోసుకెళ్ళి ఒక్కో మామిడిమొక్క మొదట్లో పోశాను. మనోజ్ స్టీరింగు ముందు కూర్చుని చూస్తున్నాడు. ఆలస్యమవుతోందని నాకూ తెలుసు. అయినా తొందరపడలేదు.

బండి కదిలింది. కాస్త దూరం వెళ్ళాక చెట్ల మీదుగా ఎర్రటి గోపురం కనిపించింది. దగ్గరైంది. గేటు పక్కకి వచ్చింది. మనోజ్ వేగం తగ్గించలేదు.

"ఆపు బాబూ" అన్నాను.

"అత్తా, పంపు..."

"నువ్వు ఆరామ్‌కొచ్చినావు. నేను గుడికొచ్చినాను. మీ మాంగారు చూడకుండా ఎల్లిపోనారు. నేనూ అలాగ ఎల్లిపోవాలేటి?"

గొంతు పెద్దది చెయ్యలేదు. కానీ రజని భర్త భుజం మీద చెయ్యి వేసింది. బండి ఆగింది.

"దస్ మినిట్" అన్నాడు అతను, నా వైపు చూడకుండా.

మెట్లెక్కేసరికే అందులో సగం అయిపోయింది. శిల్పాలు చూడలేదు, దేవుణ్ణీ చూడలేదు. నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి బొటనవేలి గోరు ఇటుకల మధ్య పెట్టాను. దూరలేదు. ఇంకోచోట పెట్టాను. వాన తిన్నచోట కొంచెం దూరింది. ఆయన ఉంటే, మిగతా వైపులన్నీ చూడందే ఏ సంగతీ చెప్పకూడదనేవారు. ఈలోగా వాచ్‌మన్ వచ్చి గోడ ముట్టుకోకూడదన్నాడు. రోడ్డు మీద హారన్ మోగింది. వాచ్‌మన్ అటు తిరగ్గానే మూల మలుపు తిరిగాను.

హారన్ మళ్ళీ మోగింది. ఆ తర్వాత మోగలేదు. నన్ను తీసుకుపోవడానికి మనోజే వస్తున్నాడు కాబోలనుకున్నాను. ఒక గోడ అయింది. వెనక గోడ కూడా అయింది. అయినా ఎవరూ రాలేదు. నాకే అనుమానం వచ్చి ముందువైపుకి వచ్చి చూశాను.

వచ్చాడు, కానీ మెట్ల దాకా రాలేదు. కింద పచ్చిక మీద ఎండలో నా కోసం కూర్చున్నవాడు అలాగే వెనక్కి వాలిపోయినట్టున్నాడు. కాళ్ళు పూర్తిగా చాపి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. గురక మెట్ల మీదికి వినిపిస్తోంది. జేబులో ఫోను మోగుతోంది. రజని వంగి అతని భుజం పట్టుకోబోయింది.

"లేపీకు" అన్నాను పైనుంచి. "ఆరామ్ చేస్తన్నాడు."

రజని నా వైపు చూసింది, అతని వైపు చూసింది. జేబులోంచి ఫోను మెల్లగా తీసి, దాని నోరు నొక్కి, పక్కనే కూర్చుంది.

నాకింకా ఒక గోడ మిగిలి ఉంది.