ఆగిన నిమిషాలు

"ఇంట్లో నువ్వు చేసే పనంతా కలిపితే రోజుకి గంటుంటుందా?" అన్నాడు మా ఆయన, నేను తడిగుడ్డతో నేల తుడుస్తూ సోఫా దాకా రాగానే కాళ్ళు పైకెత్తి. కాళ్ళెత్తడమే ఆయన చేసే సాయం. నేను పక్కకి జరగ్గానే దించాడు. తడి నేల మీదే దించాడు.

ఆదివారం పొద్దున. నేనడిగింది ఒక్కటే. మా ఫ్యాక్టరీలో నాకు షిఫ్ట్ ఇన్‌ఛార్జి పని ఇస్తామన్నారు. రోజూ రెండు గంటలు ఎక్కువుండాలి. వస్తానో రానో ఇవాళే చెప్పాలి. "ఆ రెండు గంటలూ ఇల్లెవరు చూస్తారు?" అన్న నోటితోనే, నిమిషం తిరక్కుండా, ఇంట్లో గంట పని కూడా ఉండదన్నాడు. గంట లేని పని కోసం నన్ను జీవితమంతా కట్టేసుకోవాలా? సిగ్గుండాలి.

ఫ్యాక్టరీలో నా పనేంటో చెప్తాను. ఏ యంత్రం ఎందుకు ఆగిందో, ఎంతసేపు ఆగిందో ఆపరేటర్లు కంప్యూటర్లో మామూలు మాటల్లో టైపు చేస్తారు. "బెల్టు తెగింది, 14 నిమిషాలు." అలాంటివి రోజుకి వందలు. కమాండ్ లైను అని నల్ల తెర ఒకటుంటుంది. బొమ్మలుండవు, బటన్లుండవు, ఏం టైపు చేస్తే అదే చేస్తుంది. ఒక్క లైను కొడితే ఆ మాటల్లోంచి అంకెలన్నీ ఏరి కూడి పెడుతుంది. నాకెవరూ నేర్పలేదు, తిట్లు తింటూ నేర్చుకున్నాను. అక్కడ యంత్రం మూడు నిమిషాలు ఆగితే ముగ్గురు పరిగెత్తుకొస్తారు. ఇక్కడ నేను ఆగకుండా తిరుగుతుంటే చూసే దిక్కు లేదు.

అందుకే వారం రోజులుగా ఇంటి పని కూడా రాశాను. ఎవరు చేసినా రాశాను. లైను మొదట్లో చేసిన మనిషి, తర్వాత పని, చివర నిమిషాలు. చేతులు తుడుచుకుని ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టాను. "నేను" అని మొదలయ్యే లైన్లు మాత్రమే కూడమని కొట్టాను.

2386.

ఆయన ముందుకి వంగి ఫైలంతా చదివాడు. చదివి, నవ్వాడు.

"నేను: మామయ్యగారికి 2 మాత్రలు, 5 నిమిషాలు. మాత్రల్ని కూడా కూడేసిందే నీ తెర! అమ్మా, ఇలా రా! నీ కోడలు మాత్రల్ని నిమిషాలు చేసేసింది. ఈవిడట, ఇన్‌ఛార్జి!"

అత్తయ్య వంటింట్లోంచి వచ్చి తనూ నవ్వింది. నా మొహం మండిపోయింది. తప్పు నాదే మరి. ఫ్యాక్టరీలో లైనుకి ఒక్క అంకే ఉంటుంది, అక్కడి కమాండే తెచ్చి ఇక్కడ కొట్టాను. ఇంటి పని అలా ఉంటుందా? రెండు మాత్రలు, ఆరు చొక్కాలు, మూడు బకెట్లు. ప్రతి పనికీ పది తోకలు.

"నిమిషాలు" అన్న మాటకి ముందున్న అంకెనే తీసుకోమని కమాండ్ మార్చి మళ్ళీ కొట్టాను. 2329.

"యాభై ఏడు తగ్గింది. అది మీ గెలుపు, ఉంచుకోండి. మిగిలింది ముప్ఫై ఎనిమిది గంటల నలభై తొమ్మిది నిమిషాలు. ఒక్క వారానికి. ఫ్యాక్టరీ కాకుండా."

నవ్వు ఆగింది. నేను ఆగలేదు. "నేను" తీసేసి "అత్తయ్య" అని కొట్టాను. 910.

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని తెర దగ్గరికొచ్చింది.

"నావి కూడా రాశావా అమ్మాయ్? మోకాళ్ళు పట్టేసిన రోజువి కూడా?"

"ఆ రోజువీ ఉన్నాయత్తయ్యా. నూట పది."

ఆవిడ కొడుకు వైపు చూసింది. "ఇప్పుడు వీడిది కొట్టు."

"ఆయన" అని కొట్టాను. ఖాళీ గీత వచ్చింది. కూడడానికేమీ దొరక్కపోతే ఆ కమాండ్ సున్నా కూడా వేయదు.

"చెడిపోయినట్టుంది. ఇంకోసారి కొట్టు" అన్నాడు.

కొట్టాను. మళ్ళీ ఖాళీ.

"మరి బల్బు మార్చాను కదా?"

"అది కిందటి నెలరా" అంది అత్తయ్య.

ఆయనెదురుగానే మేనేజరుకి ఫోన్ చేసి, రేపట్నించే వస్తానని చెప్పాను. తడిగుడ్డ పిండి బకెట్ అంచు మీద వేసి, బకెట్‌ని సోఫా దగ్గరికి జరిపాను.

"రేపట్నించి ఈ ఇంట్లో ఒక యంత్రం రోజుకి నూట ఇరవై నిమిషాలు ఆగుతుంది" అన్నాను. "ఎవరు పరిగెత్తుకొస్తారో మీరే రాసుకోండి."