సీతయ్య ఇంటికి రాని సాయంత్రాలు

మే నెలలో కొత్తగూడెం ఎండకు మధ్యాహ్నం గడప దాటలేం. ఆ వేళకు క్వార్టర్ల లైన్లో ఆడవాళ్లంతా మల్లెమొగ్గలు, బియ్యం చాటలు పట్టుకుని సీతయ్య ఇంటి దొడ్లోకి చేరేవాళ్లు. అక్కడ ఎప్పుడూ సాయంత్రమే. గోడ మీద పసుప్పచ్చని వెలుగు, చల్లగాలి, గూటికి పోవాలో వద్దో తేల్చుకోలేని కోళ్లు.

అదెవరికీ వింత కాదు. సీతయ్య బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. ఏళ్ల తరబడి షిఫ్టు మీద ఓవర్‌టైం చేసి, పొద్దుపోయాకే ఇల్లు చేరేవాడు. అతను ఇంట్లో లేని సాయంత్రాలు ఎటూ పోలేక దొడ్లో పోగుపడ్డాయి. ఓవర్‌టైం డబ్బంతా అతను కోరి మరీ పీఎఫ్‌లో వేయించేవాడు. భార్య నాగలక్ష్మి గుండె బలహీనపడింది, వచ్చే చలికాలం దాటడం కష్టమని ఖమ్మం డాక్టరు చెప్పినప్పటి నుంచి ఇంకా ఎక్కువ వేయించాడు.

కూతురు సుజాత ఖమ్మంలో ఆడిటర్ దగ్గర పనిచేస్తుంది. తండ్రికి ఆదాయప్పన్ను రిటర్ను వేద్దామని వచ్చి, పాత ఏళ్ల పీఎఫ్ వివరాలు ముందేసుకుని ఒక్కో ఏడూ సరిచూసింది.

"నాయినా, ఏడాదికి నీ జీతంలకెల్లి రెండున్నర లక్షలు దాటి పీఎఫ్‌ల పోతే, పైన పడ్డదాని వడ్డీకి పన్ను కట్టాలె. మూడేండ్ల సంది దాటుతనే ఉన్నది."

"గట్లెట్ల? మరి అసలు పోతదా?"

"అసలు పోదు. వడ్డీకే పన్ను. పాతయి సరిజేసి కడదాం. ఇంక ఎక్కువ వేయించుడు బంద్ చెయ్యి."

"మీ అమ్మ కోసమే గద బిడ్డా దాస్తున్న."

తలుపు దగ్గర కూర్చున్న నాగలక్ష్మి తలెత్తింది. "నన్నొక్కసారన్న అడిగినవా? నాకోసమైతే ఇంటికి రా."

మర్నాడు సీతయ్య ఆఫీసుకు పోయి పీఎఫ్ ఎక్కువ కోత ఆపేయమని సంతకం పెట్టాడు, ఓవర్‌టైం వద్దన్నాడు. షిఫ్టు దిగి నేరుగా వచ్చి, దొడ్లో నాగలక్ష్మి పక్కన మంచం వాల్చుకున్నాడు. కాసేపటికి ఆ దొడ్లో మొదటిసారి చీకటి పడింది. కోళ్లు హమ్మయ్యా అన్నట్టు గూట్లోకి దూరాయి. తెల్లారి మళ్లీ సాయంత్రమే, కానీ పోగుపడ్డవాటిలో ఒకటి తక్కువ.

అలా రోజూ అతను షిఫ్టు దిగి రాగానే ఇద్దరూ దొడ్లో కూర్చునేవాళ్లు. ఒక్కోనాడు మాటలుండేవి, ఒక్కోనాడు ఉండేవి కావు. దొడ్లో గడిపిన సాయంత్రాలేవీ డాక్టరు చెప్పిన రోజుల్లోంచి తగ్గలేదు. వాటి లెక్క వేరు. వడ్డీ మీద పన్ను సుజాత కట్టించింది. సాయంత్రాల మీద ఎవరూ ఏమీ అడగలేదు.

దసరా వెళ్లింది. చలికాలం వచ్చి, అదీ వెళ్లింది.

ఖమ్మం డాక్టరు రిపోర్టు రెండుసార్లు తిప్పి చూశాడు. "మందులేమన్నా మార్చిన్రా అమ్మా?"

"లేదు సారు, గవే."

ఆర్నెల్ల తర్వాత రమ్మని చీటీ రాసిచ్చాడు.

తిరుగు బస్సు జూలూరుపాడు దాటేసరికి బయట మామూలు సాయంత్రం అవుతోంది. కిటికీ పక్కన నాగలక్ష్మి, ఆమె పక్కన సీతయ్య, చీకటి పడేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నారు.