చింతచిగురు మీద కడుపుమంట

ఆ పొద్దు ఫర్హీన్‌కు టీ కూడా సహించలేదు. తప్పు టీది కాదు, చింతచిగురుది. పప్పులో వేసుకునే చింతచిగురు కాదు లెండి, ఫోన్లో కథలు రాసే చింతచిగురు.

ముందు అసలు సంగతి చెప్పాలి. టీవీలో "ఏటిగట్టు బంగ్లా" అని ఒక సీరియల్ వచ్చేది. మేఘన అనే పిల్ల, సూర్యకిరణ్ అనే పిల్లవాడు, ఇద్దరి మధ్య ఒక రాక్షసి మేనత్త. ఏళ్ళ తరబడి నడిచింది. చివరికి వరదలో మేఘన ఎక్కిన పడవ తిరగబడింది, గట్టు మీద సూర్యకిరణ్ చెయ్యి చాచాడు, అంతే! సోమవారం నుంచి ఆ టైములో వంటల పోటీ మొదలైంది. ఇదేం అన్యాయమండీ? పిల్ల నీళ్ళలో మునుగుతూ ఉంటే, ఎవరో చీర చెంగు దోపుకుని వచ్చి గుత్తొంకాయ చేస్తానంటే ఏ ఆడదాని ప్రాణం ఊరుకుంటుంది?

నాగర్‌కర్నూల్‌లో ప్రేమలత అనే టీచరమ్మ ప్రాణం ఊరుకోలేదు. "మేఘన ఒడ్డుకు రావాలె" అని ఫోన్లో ఒక గ్రూపు పెట్టింది. మేఘన ఎలా బయటపడిందో, తర్వాత ఏమైందో ఎవరికి తోచినట్టు వాళ్ళు భాగాలు భాగాలుగా రాసి అందులో పెడతారు. కథలు ఎవరైనా చదవొచ్చు. రాయాలన్నా, కింద కామెంటు పెట్టాలన్నా గ్రూపులో చేరాలి, చేరాలంటే ఆడవాళ్ళై ఉండాలి. మొదట్లో ఒకరిద్దరు మగవాళ్ళు దూరి, కథలు వదిలేసి ఆడవాళ్ళకు చాటుగా "తిన్నవా, ఏం కూర" అని మెసేజ్‌లు మొదలుపెడితే ప్రేమలత వాళ్ళను చీపురు తీసుకుని ఊడ్చినట్టు ఊడ్చేసింది. అప్పటి నుంచి అక్కడ అదొక్కటే చట్టం.

ఆ గ్రూపులో ఫర్హీన్ మహారాణి. పుట్టింది లింగాలలో, కాపురం గద్వాలలో. బడిలో తెలుగు సారు "సాయిబులింటి పిల్లను చూసి సిగ్గు తెచ్చుకోండ్రా, ఎంత చక్కటి తెలుగు రాస్తుందో" అని ఒకసారి క్లాసందరి ముందూ అన్నాడు. ఇక చూసుకోండి, ఆనాటి నుంచి ఆమె తన తెలుగును ఇస్త్రీ చేసి మడత నలగకుండా వాడుతోంది. నోటితో "గిట్లెందుకు జేసినవ్" అన్న మనిషే రాతలోకి వచ్చేసరికి "ఇటుల ఏల చేసితివి" అంటుంది. ఆమె కథలో మేఘన ఏడవదు, నయనాంచలముల నుండి అశ్రుకణములు జాలువారును. కలం పేరు శరజ్జ్యోత్స్న. అది పలకడం ఎవరికీ నోరు తిరగక అందరూ శరత్ అక్క అంటారు. శరత్ అక్క భాగం పెట్టిందంటే వనపర్తి నుంచి అమ్రాబాద్ దాకా చేతులు జోడించిన బొమ్మలే బొమ్మలు.

ఇలా ఉండగా ప్రేమలత ఒక ప్రకటన చేసింది. ఎవరి ముగింపు వాళ్ళది అంటే ఎన్నాళ్ళని? ఈ నెలాఖరుకు అందరూ ఆఖరి భాగాలు పెట్టండి, ఓట్లు వేసుకుందాం, గెలిచిన ముగింపే మనందరికీ అసలు ముగింపు అని. ఫర్హీన్‌కు మనసులో పెళ్ళి బాజాలు మోగాయి. ఇంకెవరిది గెలుస్తుంది? ఇల్లూ పొయ్యీ తప్ప తనకంటూ ఏదైనా ఉందంటే ఆ గ్రూపులో పేరు ఒక్కటే. మేఘనను ఒడ్డుకు చేర్చిన మనిషిగా ఆ పేరు నిలిచిపోతే చాలనుకుంది.

సరిగ్గా అప్పుడే దిగింది చింతచిగురు.

చుక్క లేదు, కామా లేదు. "మేఘనకు ఏడుపొచ్చింది గని ఏడిస్తె సూసెటోడు లేడని ముక్కు సీదుకొని మల్ల చెక్కను గట్టిగ పట్టుకుంది" ఇదీ దాని రాత! ముక్కు చీదడమేమిటి, హీరోయిన్! ఫర్హీన్ పళ్ళు నూరింది. దానికి తోడు మధ్యమధ్య తలాతోకా లేని మాటలు. "సూర్యకిరణ్ ఆమె దిక్కే సూస్తుండు జర జరుగుర్రి ఇంకొకరు వడ్తరు ఆమె గుండె దడదడ కొట్టుకుంది" అని ఒకచోట. దీనికేమైనా అర్థముందా? గ్రూపులో వాళ్ళకు దొరికింది. "గుండెల ఇంకొకరికి జాగ ఉంటదని ఎంత మంచిగ చెప్పినవ్ చెల్లే" అని అమ్రాబాద్ రేణుకమ్మ కన్నీళ్ళ బొమ్మలు వరసగా పెట్టింది. నిన్నటిదాకా శరత్ అక్కకు దండాలు పెట్టిన రేణుకమ్మ!

ఉండబట్టలేక ఫర్హీన్ కింద ఒక ముక్క రాసింది: "భాష పట్ల కొంత శ్రద్ధ వహించవలసినదిగా మనవి." నిమిషంలో జవాబు వచ్చింది. "సరే అక్క మీరు పెద్ద రాతగాళ్ళు నాకేం తెల్వదు జర నేర్పియ్యుర్రి." ఆ అణకువకు గ్రూపంతా కరిగి నీరైంది. శ్రద్ధ వహించమన్న మనిషి మాత్రం గయ్యాళిగా మిగిలింది. ఫర్హీన్ ఫోన్‌ను మంచం మీదికి విసిరేసి బట్టలు ఉతకడానికి పోయింది. ఆ పూట బట్టలకు పడ్డ దెబ్బలు ఆ బట్టలకే తెలుసు.

ఇది చాలదన్నట్టు ఇంకొకటి. ఆమె మొగుడు యాసిన్ గద్వాల నుంచి మల్దకల్ మీదుగా ఐజకు ఆటో తోలుతాడు. ఏడో తరగతితో బడికి సలాం కొట్టిన మనిషి. ఒక సాయంత్రం వాకిట్లో కూర్చుని ఫోన్ చూస్తూ తనలో తాను ముసిముసిగా నవ్వుకుంటున్నాడు. ఫర్హీన్ వెనక నుంచి వచ్చి తొంగి చూసింది. చింతచిగురు పేజీ!

"ఏంది సదువుతున్నవ్?"

"ఏం లే. ఊకెనే."

"అది చింతచిగురుది గాదు? నా కథ ఒక్కటన్న సదివినవా ఎప్పుడన్న?"

"సదివిన. నీది సదవాల్నంటె పక్కన పంతులు గుడ ఉండాలె" అని నవ్వి, మెల్లగా అడిగాడు. "గామె రాసుడు మంచిగుంటది గదా? నిజం చెప్పు ఫర్హీన్. మంచిగ లేదా?"

ఆ అడగడంలో ఎంత ఆశ! ఆ కళ్ళలో ఎంత వెలుగు! ఫర్హీన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఇంట్లో మామూలు రోజుల్లో తెలుగు, కోపం వస్తే ఉర్దూ. ఆ సాయంత్రమంతా ఉర్దూ నడిచింది. కట్టుకున్న దాని రాత చదవడానికి పంతులు కావాలట, ఎవత్తో ముక్కు చీదే దాని రాత మాత్రం ముసిముసి నవ్వులతో చదువుతాడట. గ్రూపులో ఉన్నది రాతలో పోటీ అనుకుంటే, ఇప్పుడు ఇంట్లోకే సవతి వచ్చినట్టైంది ఆమెకు. అతను అద్దంలో తల దువ్వుకున్నా అనుమానమే, ఫోన్ జేబులో పెట్టుకున్నా అనుమానమే.

అలా రుసరుసలాడుతూ ఒక పూట ఖట్టా పులుసులోకి కొత్తిమీర తెమ్మంది. యాసిన్ పుదీనా తెచ్చాడు. "కొత్తిమీర తెమ్మంటె పుదీన తెచ్చినవ్, నీ దిమాక్ యాడుంది?" అని కడిగేసింది. అతను తల వంచుకుని తిన్నాడు. తెల్లవారి చింతచిగురు కొత్త భాగం వచ్చింది. తిట్టుకుంటూనే తెరిచింది ఫర్హీన్. శత్రువు కదా, అక్షరం వదలకుండా చదువుతుంది.

"చెక్క పట్టుకొని మేఘన కొట్టుకవోతుంది సూర్యకిరణ్ గట్టెంబడి ఉరుకుతుండు ఏడ్వకు మేఘన నేనొస్తున్న అన్నడు కొత్తిమీర లేదా అయితె పుదీన ఇయ్యి ఇంట్ల తిడ్తె తిట్టనియ్యి అన్నడు."

కింద రేణుకమ్మ: "ఏరు దాటి సంసారం ఎట్ల జేస్తరో గుడ అప్పుడే చెప్తుండు సూడు. మా ఆయన గుడ గిట్లనే, ఒకటి తెమ్మంటె ఒకటి తెస్తడు. ప్రేమంటె గదే తల్లీ."

ఫర్హీన్ ఆ ముక్క మళ్ళీ మొదటి నుంచి చదివింది. వంటింట్లో మిగిలిన పుదీనా కట్ట నీళ్ళ గ్లాసులో నిలబడి ఉంది. అక్షరాలు ఒక్కొక్కటి కొట్టే ఓపిక లేక యాసిన్ ఫోన్లో మైకు బొమ్మ నొక్కి మాట్లాడతాడు, అది విన్నదంతా రాసుకుంటుంది. ఈ సంగతి ఆమెకు తెలుసు, నేర్పిందే ఆమె. జర జరుగుర్రి, ఇంకొకరు వడ్తరు. ఆటోలో వెనక సీటు వాళ్ళకు చెప్పే మాట. ఆటో నిండేలోపు స్టాండులో కూర్చుని కథ చెప్పుకుంటున్నాడన్నమాట ఈ మహానుభావుడు.

హమ్మయ్య, సవతి లేదు అని సంతోషించొచ్చు కదా? మీరైనా నేనైనా అదే అనుకుంటాం. ఫర్హీన్ కడుపు మాత్రం ఇంతకు ముందుకంటే ఎక్కువ మండింది. బయటిదైతే శాపనార్థాలు పెట్టొచ్చు, ఇతనికి ముప్పూటలా అన్నం పెట్టాలి. ఇంతంత పుస్తకాలు నమిలి తాను సంపాదించుకున్న చోటు అది. ఒక్క పుస్తకం ముట్టనివాడు, సీటు కింద గుడ్డతో అద్దం తుడుచుకుంటూ నోటికొచ్చింది చెప్పి దాన్ని లాక్కున్నాడు. పైగా ఆ రాత బాగుంది. తన నోట్లో నుంచి ఏ మాటలను ఏళ్ళ తరబడి తోమి తోమి వదిలించుకుందో సరిగ్గా ఆ మాటలతోనే బాగుంది. ఆ ఒక్క ముక్క ఎవరికైనా చెప్పడానికి కూడా ఆమెకు ప్రాణం ఒప్పలేదు.

అతన్ని అడగలేదు, పోట్లాడలేదు. ప్రేమలతకు చాటుగా మెసేజ్ పెట్టింది. "అక్కా, చింతచిగురు స్త్రీ కాదు. గద్వాలలో ఆటో నడుపు పురుషుడు. నాకు రూఢిగా తెలియును."

మధ్యాహ్నానికల్లా చింతచిగురు రాసిన భాగాలన్నీ పోయాయి. ప్రేమలత అందరికీ కనిపించేలా రాసింది: "గద్వాల ఆటో అన్నా, నీ కథ మంచిదే కావచ్చు. కానీ ఆడపేరు పెట్టుకుని మా మధ్యకు రావడం తప్పు." గ్రూపులో కొందరు తిట్టారు. ఫర్హీన్‌కు కాసేపు చల్లగా అనిపించింది. లేచి ఇల్లు ఊడ్చింది.

సాయంత్రం యాసిన్ తొందరగా ఇంటికి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని గడప మీద కూర్చున్నాడు.

"ఒక మాట చెప్తె తిట్టొద్దు. ఆ చింతచిగురు నేనే" అన్నాడు. "ఇయ్యాల తీసేసిన్రు. తప్పు నాదే తియ్యి. ఆడోళ్ళ జాగల మొగోడు వోవద్దు."

"ఎందుకు వోయినవ్ మరి?" అంది ఫర్హీన్.

"నీ కథ సదివిననే. మెల్లగ, కూడబలుక్కుంట సదివిన. నీ మేఘన గట్టెక్కినంక ఎంతసేపు మాట్లాడ్తదో! రాత్రంత నీళ్ళల్ల నానిన మనిషికి ఆకలి గాదా అనుకున్న. నీకు చెప్తె కోపమొస్తది. అందుకని అండ్ల కామెంటు పెడ్దామని పోయిన. పోయినంక ఇగ ఆగలే."

ఫర్హీన్‌కు చెంప మీద కొట్టినట్టైంది. నిజమే, తన మేఘన ఒక్క మెతుకు అడగలేదు. ఆ సిగ్గును కప్పుకోవడానికి గబగబా నోరు పారేసుకుంది.

"నీ మీద ఎవతి చాడీ చెప్పిందో గని దాని నోట్ల మన్నువడ!"

"ఛ, గట్ల తిట్టకు" అన్నాడు యాసిన్, ఆమె వైపు చూడకుండా. "గద్వాల నుంచి అండ్ల ఉన్నది ఒక్కతే. ఆమెకు ఎంత మండిందో ఏమో. ఇన్నొద్దులు పక్కన్నే ఉండి నేను గుడ చెప్పకపోతి గదా."

చాడీ చెప్పింది ఎవరో అతనికి తెలుసన్నమాట. అతను కోపంగా లేడు. ఉంటే బాగుండేది, ఉర్దూ ఎత్తుకునేది.

"ఆఖరిది నా నోట్లనే ఉండిపోయింది" అన్నాడు మళ్ళీ. "నువ్వు రాసుకుంటవా? నీ పేరు మీదనే పెట్టు. మేఘన ఒడ్డుకొస్తె సాలు నాకు."

అతను చెప్పాడు, ఆమె టైపు చేసింది. మేఘన గట్టెక్కింది. ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది, ఇప్పుడు సూర్యకిరణ్ గుండెల మీద వాలుతుందని. ఆమె అతన్ని దాటి పోయి, పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తున్న ముసలమ్మ ముందు కూలబడి "అవ్వా, ఒక రొట్టె" అంది. వంచిన తల ఎత్తకుండా తింది. సగం తిన్నాక వెనక్కి తిరిగి చూస్తే అతను ఇంకా చెయ్యి చాచే ఉన్నాడు. మిగిలిన సగం ఆ చేతిలో పెట్టింది. "చెయ్యి సాపి సాపి గుంజుతలేదా? తిను" అంది.

ఫర్హీన్ వేళ్ళు అలవాటు కొద్దీ "భుజింపుము" అని కొట్టాయి. తుడిచేసి "తిను" అని కొట్టింది. ఇంత చిన్న మాట నాకెందుకు తట్టలేదురా అల్లా అని అప్పుడు కూడా కడుపు మండింది. పక్కన కూర్చున్న మనిషి మీద ప్రేమ పొంగుతూనే మండింది. పెట్టనా వద్దా అని బొటనవేలు ఆగింది. యాసిన్ చెయ్యి చాపి తానే నొక్కాడు.

అన్నాలు తినేలోపు కామెంట్లు వరదలా వచ్చిపడ్డాయి. ఇంకెవరూ ఆఖరి భాగం పెట్టనక్కర్లేదు, ఇదే మన ముగింపు అని ప్రేమలత తేల్చేసింది.

"ఏమన్నరు? సదువు, సదువు" అన్నాడు యాసిన్, పళ్ళెం పక్కకు జరిపి.

ఫర్హీన్ చదివింది. "శరత్ అక్కా, ఇంత మంచి మాట ఇన్నొద్దులు యాడ దాచుకున్నవ్?" అంది వనపర్తి ఆమె ఒకతి. యాసిన్ తొడ చరుచుకున్నాడు. తర్వాతది రేణుకమ్మది. చదవబోయి ఫర్హీన్ ఆగింది.

"సదువే!"

"ఆ చింతచిగురుగాడు... నీ కాలిగోటికి గుడ సరిపోడు అక్కా" అని చదివింది.

యాసిన్ పకపకా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "సరిగ్గనే అన్నది. ఇంకేమున్నయి? సదువు" అన్నాడు. కింద ఇంకా వస్తూనే ఉన్నాయి. ఫర్హీన్ ఫోన్ బోర్లించి, అతను పక్కకు జరిపిన పళ్ళెం మళ్ళీ ముందుకు తోసి "తిను" అంది.