మలుపు దాకా

"ఎప్పటిలాగే రాసెయ్యండి మేడమ్. గుమ్మంలో భార్య, చంకలో పిల్ల, ఎదురుచూపులు. మీ ఆడవాళ్ళకి ఆ సెంటిమెంటు బాగా వస్తుంది," అన్నాడు మేనేజరు, తాగేసిన టీ గ్లాసు ఆమె బల్ల మీద పెట్టి వెళ్ళిపోతూ.

గ్లాసు కడిగి పెట్టడం కూడా ఆడవాళ్ళకి బాగా వస్తుందని ఆయన నమ్మకం. ఆమె గ్లాసును ముట్టుకోకుండా కంప్యూటరు ముందుకు జరిగింది. ఏడాది చివరి సెలవులు వస్తున్నాయంటే బస్సు డిపోలో ఒక ప్రకటన వేస్తారు. బస్సుల వెనకా, డిపో గోడల మీదా అంటిస్తారు. రాసేది గుమస్తా అయిన ఆమె, కింద సంతకం మేనేజరుది. పదకొండేళ్ళుగా అదే వాక్యం. "మీ కోసం ఇంట్లో రెండు కళ్ళు ఎదురుచూస్తున్నాయి. తాగి బండి నడపకండి." ఈసారి "ఇంట్లో" దాకా టైపు చేసి ఆగిపోయింది. ఇంట్లో ఎవరున్నారు? ఆ రెండు కళ్ళూ ఏనాడైనా గుమ్మంలో ఉన్నాయా? బండిలోనే, పక్క సీట్లో, రోడ్డు వంక గుడ్లప్పగించి చూస్తూ ఉన్నాయి. ఆ సంగతి ఏ ప్రకటనలోనూ ఎవరూ రాయరేం?

"సోమవారం ఇస్తాను సార్," అని కేకేసి, ఇంటికి బయల్దేరుతూ పాసు కోసం సంచిలో చెయ్యి పెట్టింది. చేతికి చెక్కపిడి తగిలింది. ఎర్ర రంగు వేసిన, బొటనవేలంత లావు పిడి. ఆడపిల్లలు గెంతే తాడుకి ఉంటుందే, అది. ఏడాదిగా ఆ సంచిలోనే ఉంది. పారేయడానికి చేతులు రాలేదు, ఎవరికైనా చెప్పడానికి నోరు రాలేదు.

ఆ పిడి సంగతి చెప్పాలంటే మలుపు సంగతి చెప్పాలి.

ఏటా సెలవుల్లో మొదటి ఆదివారం బావగారింట్లో భోజనాలు. మగవాళ్ళు మేడ మీద గదిలో సీసాలు తెరుస్తారు, ఆడవాళ్ళు కింద వంటింట్లో గిన్నెలు తెరుస్తారు. సాయంత్రం నాలుగయ్యేసరికి అందరూ గేటు దగ్గరికి వచ్చి ఒకళ్ళనొకళ్ళు సాగనంపుకుంటారు. పెళ్ళయిన రెండో ఏడు, భర్త కళ్ళు ఎర్రగా ఉండడం చూసి ఆమె మెల్లగా అడిగింది, "నేను నడపనా?" అని. ఆయన చుట్టూ చూసి, చెవిలో చెప్పినట్టు అన్నాడు. "వీళ్ళందరి ముందూ నువ్వు స్టీరింగు పట్టుకుంటే నా పరువేం కావాలోయ్? మలుపు దాకా నేను తీస్తాను. మలుపు తిరిగాక నువ్వు తీసుకో. ఎంత, రెండు వందల గజాలు! కళ్ళు మూసుకుని నడుపుతాను."

కళ్ళు మూసుకునే నడిపాడు, పాపం, మాట తప్పే మనిషి కాదు.

అలా మొదలైంది. వీధి చివర మూతపడిన టైలరు కొట్టు పక్కన ఇద్దరూ దిగి, బండి చుట్టూ చెరోవైపునుంచి తిరిగి, సీట్లు మార్చుకునేవాళ్ళు. మళ్ళీ తమ అపార్టుమెంటుకి వంద గజాల ముందు ఆయన్ని తట్టి లేపి ఇంకోసారి. అక్కడ వాచ్‌మన్ చూస్తాడు కదా! నిజం చెప్పొద్దూ, ఆ రెండు మలుపుల మధ్య ముప్పావుగంట ఆమెకి ఇష్టం. ఆయన నోరు తెరుచుకుని నిద్రపోతాడు. వెనక సీట్లో పాప చెప్పులు విప్పేసి ఒరిగిపోతుంది. ఎండ వాలుతూ ఉంటుంది, చెట్ల నీడలు అద్దం మీదుగా జారిపోతూ ఉంటాయి. "అది కాదోయ్, గేరు మార్చు, హారను కొట్టు" అనేవాళ్ళు ఉండరు. ఏడాదంతా వెతుక్కున్నా అంత తీరిక ఇంకోచోట దొరకదు. ఆ ముప్పావుగంట పోగొట్టుకోవడం ఇష్టం లేకే, ఆ రెండు వందల గజాలు పదేళ్ళపాటు గుడ్లు మిటకరిస్తూ ఓర్చుకుంది. తన తప్పు ఎంతో ఆమెకి తెలుసు.

కిందటేడు ఆ రెండు వందల గజాల్లోనే, తాడు గెంతుతున్న పిల్ల ఒకతి అడ్డం వచ్చింది. అడ్డం రావడమేమిటి, వీధి ఆ పిల్లదే, సెలవులు ఆ పిల్లవే. ఆయన బ్రేకు వేశాడు, వేయలేదని కాదు. వేసేసరికి తాడు చక్రానికి చుట్టుకుపోయింది. పిల్ల గోడకి అంటుకుపోయి, ఏడవడం కూడా మరిచిపోయి నిలబడింది. ఆమె దిగి, ఒక పిడి ఊడిపోయిన తాడుని విడదీసి పిల్ల చేతికిచ్చింది. "చూశావా, ఎంత కంట్రోలో!" అన్నాడాయన. ఇంటికొచ్చాక బంపరు సందులో ఈ పిడి దొరికింది. దాన్ని చేత్తో పట్టుకుని ఆమె పార్కింగులో చాలాసేపు కూర్చుంది. నాన్న గుర్తొచ్చాడు.

నాన్న ఇదే డిపోలో ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడు. తెల్లవారుతూనే ఖాకీ చొక్కా తొడుక్కుని, ఆమె పక్క దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, "ఇన్‌స్పెక్టరుగారూ, డ్యూటీకి పోవచ్చా?" అని ఆమె మొహం మీద హా అని ఊదేవాడు. అప్పుడామె ఆరేళ్ళ పిల్ల. నిద్రకళ్ళతోనే వాసన చూసేది. "ఉల్లిపాయ." "అయితే?" "పోవచ్చు." "పళ్ళపొడి." "అయితే?" "పోవచ్చు." అమ్మ పొయ్యి దగ్గరనుంచి, "తండ్రీకూతుళ్ళ వేషాలకి బస్సులు ఆగిపోతాయి, కానివ్వండి!" అని విసుక్కునేది. ఆ విసుగులో ఎంత నవ్వుండేదో! ఇప్పుడు తలుచుకుంటే ఆ ఉల్లిపాయ వాసనకి కూడా ప్రాణం లాక్కుపోతుంది.

ఒకరోజు ఆమె "వద్దు" అంది.

అదీ సెలవుల్లోనే. ముందురోజు స్నేహితుడి రిటైర్మెంటు విందుకి వెళ్ళి వచ్చాడు నాన్న. పొద్దున్నే ఊదితే అదోలా ఉంది, ముక్కు మండింది. "వద్దు నాన్నా, పోవద్దు." అమ్మ కంగారుపడింది. "పిల్ల మాటలకేమిటండీ, మజ్జిగ తాగి వెళ్ళండి. సెలవుల రద్దీ, రాకపోతే ఊరుకుంటారా?" నాన్న ఒక్క నిమిషం కూతురి మొహంలోకి చూశాడు. చొక్కా విప్పి చిలక్కొయ్యకి తగిలించాడు. బనీను మీదే డిపోకి నడిచి వెళ్ళి, "ఇవాళ నా చేతికి బస్సు ఇవ్వకండి" అని చెప్పి వచ్చాడు. ఎందుకూ అంటే దాచలేదు. "మా అమ్మాయి వద్దంది."

ఇంకేం, డిపో అంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. "కూతురు ఆపిందట! రేపు పిల్లి ఎదురొచ్చిందంటాడు!" రిటైరయ్యేదాకా ఆ మాట వదల్లేదు వాళ్ళు. నాన్నా తగ్గలేదు. "అవును, ఆపింది" అనేవాడు గర్వంగా. ఆమెకి పద్దెనిమిదేళ్ళప్పుడు డిపో వెనక మైదానంలో డ్రైవింగు నేర్పుతూ చెప్పాడు. "తాగినవాడు బాగానే ఉన్నాననే అంటాడమ్మా. వాడి మాట వాడు నమ్మకూడదు. పక్కనున్నవాళ్ళ ముక్కుని నమ్మాలి."

నాన్న పోయి నాలుగేళ్ళు. వద్దంటే ఆగే మగవాణ్ణి ఆ తరవాత ఆమె చూడలేదు. అసలు తను వద్దని ఎప్పుడైనా అందా? పెళ్ళిచూపుల్లో, "అమ్మాయికి డ్రైవింగు వచ్చండీ" అని నాన్న మురిసిపోతే, "వస్తే రానివ్వండి, మా ఇంట్లో ఆ అవసరం రాదులెండి" అన్నారు అత్తగారు. ఆ రోజునుంచీ ఆమె డ్రైవింగు, పెట్టె అడుగున పెట్టిన పట్టుచీరలా, ఏడాదికోసారి ఎవరూ చూడకుండా తీసి మడిచిపెట్టేది అయింది.

ఆదివారం వచ్చింది. బావగారి వీధిలోకి బండి తిరుగుతుండగానే ఆ పిల్ల కనిపించింది. ఏడాదికి కాస్త పొడుగైంది. అదే తాడు గెంతుతోంది. ఒక కొసకి ఎర్ర పిడి, రెండో కొసకి గుడ్డపేలిక ముడి. ఆమె సంచిని పొట్టకి హత్తుకుంది.

మధ్యాహ్నమంతా తోటికోడలితో గిన్నెలు తోముతూనే ఉంది కానీ చెవులు మేడ మీదే ఉన్నాయి. నవ్వులు పెద్దవయ్యాయి, తరవాత ఇంకా పెద్దవయ్యాయి. "ఏమిటే అలా ఉన్నావు?" అంది తోటికోడలు. "ఏం లేదక్కా" అంది. ఉంది. ఈ ఏడు చక్రానికి తాడే చుట్టుకుంటుందని ఎవరు చెప్పగలరు?

నాలుగైంది. అందరూ గేటు దగ్గరికి వచ్చారు. ఆయన తాళం వేలికి తగిలించి గిరగిరా తిప్పుతూ బండి దగ్గరికి నడిచాడు. పాప వెనక సీటెక్కేసింది. వీధిలో పిల్లలు ముగ్గురయ్యారు. పాపని పిలిచి వాసన చూడమందామా అని ఒక్క క్షణం అనిపించింది. ఛ, తన ముక్కు తనకుండగా పిల్లకెందుకు ఆ బరువు! ఆమె మెట్టు దిగి నేరుగా ఆయన ముందుకు వెళ్ళింది. మునివేళ్ళ మీద లేచి, ఆయన మొహానికి మొహం దగ్గరగా పెట్టింది.

"ఏమిటే ఆ సరసాలు నలుగురిలో!" అని అత్తగారు మొహం తిప్పుకున్నారు.

"వద్దు," అంది ఆమె, అందరికీ వినబడేలా. "ఇవాళ మీరు బండి తియ్యొద్దు. తాళం ఇలా ఇవ్వండి."

బావగారు మెట్టు మీద తూలి, గేటు పట్టుకుని నిలబడి, "ఏరా, ఇన్‌స్పెక్టరు పట్టుకుందా?" అన్నాడు. ఆ మాట ఆయన సరదాకి అన్నాడు. ఆమె వీపు మాత్రం నిటారుగా అయింది.

భర్త నవ్వాలని చూశాడు, కుదరలేదు. "నీకేమైనా పిచ్చా? ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం, ఎక్కు."

"ఎక్కను. పాపని కూడా దింపేస్తాను."

"రెండు వందల గజాలకి ఇంత రభసా!" ఆయనకి రోషం పొడుచుకొచ్చింది. "ఎలాగూ మలుపు తిరిగాక నువ్వేగా నడిపేది!"

అనేశాక నాలుక్కరుచుకున్నాడు. పదేళ్ళుగా ఆమె గుండెలో దాచిన పరువు, ఆయన నోట్లోనుంచే రోడ్డు మీద పడింది.

"ఏం మలుపురా?" అన్నారు అత్తగారు.

"టైలరు కొట్టు మలుపు నానమ్మా!" కిటికీలోంచి తల పెట్టి పాప ఉత్సాహంగా అందుకుంది. "అక్కడ దిగి మార్చుకుంటారుగా. ఎప్పుడూ అమ్మే నడుపుతుంది. నాన్న గురక పెడతాడు."

ఎవరో కిసుక్కున నవ్వారు. అత్తగారు కొడుకు వంకా కోడలి వంకా మార్చి మార్చి చూసి, కొంగు సర్దుకున్నారు. తోటికోడలు మాత్రం నవ్వలేదు. దగ్గరికి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఇంకా గిన్నెల తడితోనే ఉంది. "నీకు మలుపైనా ఉందే," అంది చిన్నగా. "నాకు నడపడం రాదు. పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంటాను, అంతే. నేర్పుతావా?"

"వచ్చే ఆదివారం రా అక్కా. మా డిపో వెనక మైదానముంది," అంది ఆమె.

తరవాత భర్త ముందు అరచెయ్యి చాపి నిలబడింది. చాపిన చెయ్యి దించలేదు. ఆయన అన్నని చూశాడు, తల్లిని చూశాడు. చివరికి తాళం అరచేతిలో పడింది. విసిరినట్టే పడింది. ఎలా పడితేనేం, పడింది.

బండి నెమ్మదిగా గేటు దాటింది. పిల్లల దగ్గర ఆపి, అద్దం దించి, సంచిలోంచి పిడి తీసి ఇచ్చింది. "నీదేనమ్మా. ఆలస్యమైంది, ఏమనుకోకు." ఆ పిల్ల పిడినీ ఆమెనీ ఎగాదిగా చూసి, గుడ్డపేలిక విప్పడం మొదలెట్టింది. పక్క సీట్లో ఆయన కిటికీ వైపు తిరిగి మొహం ముడుచుకుని కూర్చున్నాడు. ఇంటికెళ్ళాక మాటలుంటాయి, మూతి విరుపులుంటాయి, రేపు ఫోనులో అత్తగారి నిట్టూర్పులుంటాయి. ఉండనీ. సోమవారం ఇవ్వాల్సిన వాక్యం మాత్రం ఆమెకి దొరికేసింది. "బండి తీసేముందు పక్కవాళ్ళని అడగండి. వద్దంటే దిగండి." మేనేజరు సంతకం పెడతాడో లేదో. పెట్టకపోతే తనే పెడుతుంది.

టైలరు కొట్టు దగ్గరపడింది. పదేళ్ళ అలవాటు, కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్ళింది. వెనకనుంచి బెల్టు తీసిన చప్పుడైంది.

"అమ్మా, మలుపొచ్చింది! దిగరా?"

ఆమె కాలు తీసేసింది. నాన్న ఉల్లిపాయ వాసన ఎక్కడినుంచో ముక్కుకి తగిలినట్టయి, కళ్ళు మసకబారితే మోచేత్తో తుడుచుకుంది.

"ఇక్కడ ఎవరూ దిగక్కర్లేదమ్మా. మన గేటు దగ్గరా అక్కర్లేదు. బెల్టు పెట్టుకో."