కార్నేషన్లు కోరుకున్న మనిషి

మా నాటకశాలలో ఒక ఆచారం ఉంది. ఏటా సీజన్ చివరి ఆటకు ముందు డైరెక్టర్ దెల్బార్ నటుల గదులకు పూలు పంపుతాడు. గులాబీలు వస్తే వచ్చే ఏడు కూడా పని ఉన్నట్టు. కార్నేషన్లు వస్తే ఇక సెలవన్నట్టు. అందుకే ఈ పారిస్‌లో మా నటుల్లో ఎవరికైనా కార్నేషన్ చూపిస్తే పాముని చూసినట్టు గెంతుతాడు.

ఒక్టావ్ ఫెరాందాన్ గారొక్కరే వాటి కోసం ఆరేళ్ళు ఎదురు చూశారు.

ఇరవై ఏళ్ళుగా ఆయనకు వేషం తొడిగేది నేనే. చర్చి ఫాదరు, దొంగ, జడ్జీ, పళ్ళూడిన ముసలమ్మ, ఏది కట్టినా ఆయనను పోల్చుకోవడం నా వల్ల కూడా అయ్యేది కాదు. అలాంటి మనిషిని ఒక హాస్యనాటకంలో ప్రోస్పెర్ అనే బట్లర్ వేషం పట్టుకుని వదల్లేదు. ఒప్పందం ప్రకారం దెల్బార్ వద్దనేదాకా ఆయన మానడానికి లేదు. రెండువేల ఆటలు! రొట్టెల కొట్లో కూడా "ఏం ప్రోస్పెర్, వడ్డించావా?" అని ఆటపట్టించేవారు. ఆయన నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఈ వసంతంలో లియోన్ నగరంలోని ఒక నాటకశాల నుంచి కబురొచ్చింది. గడియారాలు బాగుచేస్తూ చూపు పోగొట్టుకున్న మనిషి కథ, కొత్త నాటకం. అరవై రెండేళ్ళకు మొదటిసారి ఆయనే నాయకుడు. శనివారం సాయంత్రంలోగా జవాబివ్వాలి.

ఆ శనివారం మధ్యాహ్నమే చివరి ఆట. తలుపు తీస్తే అద్దం ముందు ఎర్రటి కార్నేషన్లు! ఈ మధ్య జనం పలచబడ్డారని దెల్బార్‌కు విసుగొచ్చిందట.

ఒక్టావ్ గారు పూలలో ముఖం పెట్టి ఏడ్చేశారు. "హ్యూగెట్, దెల్బార్ వదిలేశాడే, నన్ను వదిలేశాడు!" అన్నారు నాతో. లియోన్ వాళ్ళకు ఒప్పుకుంటూ టెలిగ్రాం రాసి నా జేబులో కుక్కారు. "తెర పడగానే పోస్టాఫీసుకి పరిగెత్తు. పడేదాకా మాత్రం మాట మార్చుకునే హక్కు వాడిదే."

నా నోరు ఊరుకోలేదు. "ఇన్నాళ్ళూ నిద్రలో ఆడారు. చివరిసారి కదండీ, ఇవాళ దుమ్ము రేపండి!"

రేపారు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. చివర్లో ప్రోస్పెర్ ఒంటరిగా యజమాని గ్లాసులో మిగిలిన వైను తాగే చోట, ఆరేళ్ళుగా అందరూ నవ్వే చోట, ఈసారి ఎవరూ నవ్వలేదు. ముందు వరుసలో ఒకామె వెక్కి వెక్కి ఏడ్చింది. తెర పక్కన నేనూ ఏడుస్తున్నాను. చూస్తే నా పక్కన దెల్బార్. ఆయన వేదికను కాదు, జనాన్ని చూస్తున్నాడు.

గబగబా వెళ్ళి, నాయిక గదిలోని గులాబీలు ఎత్తుకొచ్చి, కాడల నుంచి నీళ్ళు కారుతుండగా నా చేతుల్లో పెట్టాడు.

"తెర ఇంకా పడలేదుగా?" అన్నాడు.

అప్పుడు పడింది. చప్పట్లు ఆగడం లేదు. ఒక్టావ్ గారు రొప్పుతూ, పెళ్ళికొడుకులా వెలిగిపోతూ వచ్చారు. "ఇంకా ఇక్కడే ఉన్నావేం? పోస్టాఫీసు..." అంటూనే నా చేతులు చూశారు.

"ఇంత విద్య ఎక్కడ దాచావయ్యా? ఇంకో మూడేళ్ళు!" అని దెల్బార్ ఆయన భుజం చరిచాడు.

 ఒక్టావ్ గారి నడుం దానంతటదే వంగింది.

"చిత్తం, దొరా," అన్నాడు ప్రోస్పెర్.

దెల్బార్ పగలబడి నవ్వాడు. గులాబీలు నేనే కుండీలో పెట్టాను.